పులి పళ్లకు తొడుగులు

భరణి కార్తె, మొదట్లో

పొద్దున్నే పులిని లేపాను. వీపు మీద ఎండ పట్టే పొరంతా దుమ్ము కొట్టుకుపోయి ఉంటే తడిగుడ్డతో తుడిచాను. వెనక ఎడమ కాలు కీలు దగ్గర కిర్రుమంటోంది. జిలానీకి చెబితే, "పన్నెండేళ్ల నించీ కొండలెక్కతంది అక్కా, దానికి మాత్రం మోకాళ్ల నొప్పులు రాకూడదా?" అన్నాడు. గట్టు మొత్తానికి వాడొక్కడే మెకానిక్కు కాబట్టి ఎన్ని కబుర్లు చెప్పినా చెల్లుతుంది. నూనె వేశాడు. కిర్రు మాత్రం తగ్గలేదు.

తర్వాత వాసన డబ్బా నింపాను. పులి తన హద్దుల్లో చల్లుకునే వాసన అది, జిలానీయే మందులేవో కలిపి మరగబెడతాడు. అచ్చం కొత్త సన్నబియ్యం ఉడుకుతున్నట్టు ఉంటుంది. అసలు పులుల వాసనా అలాగే ఉండేదట. కింద మా పొలాల మీదికి సముద్రం వచ్చి మేం గట్టెక్కాక వరి అన్నం మొహం చూడలేదు, కొర్రలూ జొన్నలే. అందుకని ఇది మరిగే రోజున ముసలివాళ్లంతా ఏదో ఒక పని కల్పించుకుని షెడ్డు చుట్టూ తిరుగుతారు. దుప్పులు పారిపోవాలని చేసిన వాసనకి మనుషులు మూగుతారు, వాళ్లని తోలుకోవడం నాకు ఇంకో పని.

అసలు పులులు కార్చిచ్చుల కాలంలోనే పోయాయి. దుప్పులు ఒక్క చోటే మేసి నేలని బోడి చెయ్యకుండా వాటిని రోజూ కదిలించడానికి ఎవరో ఒకరుండాలి. ఆ ఒక్కరూ నేనే. నా పేరు శేషారత్నం, ఊరి సభవారి లెక్కలో నా ఉద్యోగం పేరు పులి డ్యూటీ. కళ్లకి జోడు పెట్టుకుంటే పులి చూసేది నాకు కనిపిస్తుంది. చేతులకి గ్లవ్సులు వేసుకుంటే దానికి తగిలిన రాయీ ముల్లూ నాకు తగులుతాయి. నేను కుడి పిడికిలి బిగిస్తే అది దవడ బిగిస్తుంది. బిగించినా ఏమీ కాదు లెండి, దాని పళ్లకి మొదటి రోజునే రబ్బరు తొడుగులు వేయించారు సభవారు. మన పులి తరమాలే గాని కరవకూడదట.

ఇవాళ్టి సంగతి రాస్తాను. మందంతా వాగు ఒడ్డున ఉంది. పొదల్లోంచి గాండ్రిస్తూ దూకాను. ఏదో ఒకటి కూత పెట్టి ముందుకాలితో నేలని తన్నాలి, తోకలు లేవాలి, మంద లేచిపోవాలి. కొన్ని తలెత్తి చూసి మళ్లీ మేతలో పడ్డాయి. మంద ముందు నడిచే పెద్ద ఆడదుప్పి, తులశమ్మ, తాపీగా నా ఎదురుగా వచ్చి నిలబడి మూతి చాపి పులి ముక్కు వాసన చూసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకింత అవమానం జరగలేదు.

భరణి కార్తె, చివర్న

జోడు తీసి పక్కన పెట్టి, నా సొంత కాళ్లతోనే వాగు దాకా నడిచి చూశాను. పులి కళ్లతో చూసినప్పుడు దుప్పులే కనిపిస్తాయి గాని నేల కనిపించదు.

ఒడ్డు మీద మంచమంత చోటుకి కంచె వేసి ఏడేళ్లయింది, దుప్పి నోరు పడకపోతే నేల ఎలా ఉంటుందో తెలియడానికి. కంచె లోపల మద్ది మొక్కలు నా భుజం దాటాయి, గడ్డి మోకాలెత్తు ఉంది. కంచెకి ఇవతల అరిపాదానికి మట్టి తప్ప తగల్లేదు. పెద్ద నేరేళ్లకి దుప్పి మెడ చాపినంత ఎత్తు దాకా ఒక్క ఆకు లేదు. లేత మొక్క అన్నది అసలే లేదు. పట్టుకునే వేళ్లు లేక ఒడ్డు మట్టి చేత్తో తోస్తే జారిపోతోంది.

ఆ ఒడ్డు కిందే మా ఊట. ఊరంతా తాగేది ఆ నీళ్లే, దుప్పులు తాగేదీ అవే. మృగశిర కార్తె వానలకి ఒడ్డు కూలితే ఊట పూడిపోతుంది. అప్పుడు మేం ఇంకో గట్టు వెతుక్కోవాలి, ఇంకో గట్టు లేదు. మంద ఇప్పుడే కదిలితే మాత్రం వేసవి చినుకులకి గరిక అల్లుకుంటుంది, నమిలేసిన మొదళ్లు చిగురుస్తాయి, ఒడ్డు నిలుస్తుంది.

గట్టుకి ఉత్తరాన నడుమెత్తు గడ్డి ఉంది, ఎండిపోని కుంట ఉంది. ఒక్క దుప్పి కూడా అటు పోదు. ఎందుకు పోతుంది? ఇటు ఉప్పు గడ్డలు పెట్టింది మేమే, తొట్లలో నీళ్లు పోసింది మేమే, ఎండలు ముదిరితే జొన్నచొప్ప వేసిందీ మేమే. డెల్టా రైతులం, నాలుగు కాళ్ల మీద నడిచేది కనిపిస్తే మేత వెయ్యకుండా ఉండలేం. అడవిలో తిరిగేదాన్ని తెచ్చి దొడ్లో గేదెని చేసి పెట్టాం.

పైగా పేర్లొకటి. మేం గట్టెక్కిన కొత్తలో దుప్పులు పట్టుమని పాతిక లేవు, జనం ఆకలి మీద ఉన్నారు. అప్పుడు తులశమ్మ పిన్ని, మా సభ పెద్ద పిచ్చయ్య బాబాయ్ భార్య, ఒక ఉపాయం చెప్పింది. ప్రతి దుప్పికీ మన ఇళ్లలో ఒకరి పేరు పెడదాం, చెవికి ఆ పేరు బిళ్ల కడదాం, మన పేరున్నదాన్ని ఎవరు కోసుకు తింటారు అంది. నిజంగానే ఎవరూ తినలేదు. అందుకే అవి బతికాయి. మొట్టమొదట పేరు పెట్టిన పిల్లకి ఆవిడ పేరే పెట్టారు. పిన్ని పోయి నాలుగేళ్లు, ఆ పేరు దుప్పి మాత్రం మందని వెంటేసుకుని తిరుగుతూనే ఉంది.

పేరు దుప్పి చస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు, తలస్నానాలు చేస్తారు. నా పేరుది మూడేళ్ల కింద పాము కరిచి పోయింది. అందరూ వచ్చి నా ఎదురుగానే నా మంచితనం తలుచుకుని ఏడ్చారు. బతికుండగా వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు మనుషుల కన్నా దుప్పులే ఎక్కువ. పేర్లు చాలక పుట్టబోయే మనవల పేర్లు కూడా వాటికే పెట్టేస్తున్నారు.

కృత్తిక కార్తె, సభ జరిగిన రోజు

సభలో నా మాట సూటిగా చెప్పాను. పులి కరవదని దుప్పులకి తెలిసిపోయింది. తొడుగులు తీయాలి. నెలకి కొన్నిటిని పులి తీసుకోవాలి, ఈ ఒక్క నెలే కాదు, ఎప్పటికీ. అసలు పులులు చేసిన పని అదే.

మంగాయమ్మ లేచింది. ఆవిడ ఇంటి పేర్లతో తొమ్మిది దుప్పులున్నాయి.

"చంపుకోటానికా ఇన్నాళ్లు సాకింది?"

"నువ్వు సాకబట్టే చంపాల్సొచ్చింది" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. నా నోరు నా మాట వినదు.

ఊట సంగతి విడమరిచి చెప్పాక కొంత తగ్గారు. ఒడ్డు మట్టి పలకగా తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను, పెట్టీ పెట్టగానే పొడి అయింది. అప్పుడు ఎవరో, "సరే, ఎవరి పేరుదాన్ని తీస్తారు?" అని అడిగారు. అంతే, సభ సభలా లేదు. "మా తోడికోడలు పేరుది కుంటతంది, చూడు రత్నం" అని ఒకావిడ. "పక్క వీధోళ్లవి మరీ బలిసినయ్" అని ఇంకొకరు. తమ ఇంటి పేరు ఒక్కరి నోటా రాలేదు.

పిచ్చయ్య బాబాయ్ చెయ్యెత్తి అందరినీ కూర్చోబెట్టాడు. డెబ్బై దాటినా గొంతు మాత్రం కంచులా ఉంటుంది ఆయనకి.

"పేరిచ్చినోళ్లు వాళ్ల నోటితో వెనక్కి తీసుకుంటేనే ఆ దుప్పి మీద చెయ్యి పడాల. ఎవర్నీ బలవంతం చేసేది లేదు. ఆ లెక్కన అయితే తొడుగులు తీయించు అమ్మాయ్."

వెనక్కి తీసుకోవడానికి ఒక మాట కూడా ఆయనే కుదిర్చాడు. 'ఈ పేరు మా ఇంటిది, మా ఇంటికే తెచ్చుకుంటన్నా' అనాలి. నలుగురి ఎదుట అనాలి.

కృత్తిక కార్తె, ఎండ ముదిరిన రోజు

ఊళ్లో ప్రతి గడపా ఎక్కాను. మజ్జిగ ఇచ్చారు, జొన్నపేలాలు పెట్టారు, పేరు మాత్రం ఇవ్వలేదు. "నీకు పిల్లల్లేరు, నీకేం తెలుసు" అని ఒక ఇంట్లో అన్నారు. మజ్జిగ పూర్తిగా తాగకుండానే వచ్చేశాను.

చివరికి వీరరాఘవులు ఒక్కడు ఒప్పుకున్నాడు. వాడి పేరున్న మగదుప్పికి ఒక కొమ్ము విరిగింది, గిట్టల మధ్య పుండు, నడిస్తే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

"అందరూ వీరరాఘవులు కుంటతన్నాడు, వీరరాఘవులు బక్కచిక్కిపోయాడు అంటంటే నాకే నామోషీగా ఉంది. తీసేసుకో" అన్నాడు.

పెళ్లాన్నీ పక్కింటివాళ్లనీ పిలిచి వాళ్ల ఎదుట మాట చెప్పాడు. చెప్పాక మొహం పాలిపోయింది. తనకేదో అవుతుందని భయపడి ముసుగు తన్ని పడుకున్నాడట. మధ్యాహ్నానికి లేచి రెండు సంకటి ముద్దలు తిన్నాడని వాళ్లావిడ చెప్పింది.

జిలానీ తొడుగులు తీశాడు. ఇన్నేళ్లకి రబ్బరు ఎండి పళ్లకి అతుక్కుపోయింది, ఒక్కొక్కటీ గీకి తీయాల్సి వచ్చింది. లోపల పళ్లు కొత్తగా, తెల్లగా ఉన్నాయి. అన్నీ తీశాక వాడు పులి ముందు నించి పక్కకి జరిగాడు.

"ఇంక షెడ్డుకి తాళం ఏద్దాం అక్కా" అన్నాడు. ఈసారి వేళాకోళం ఆడలేదు.

కృత్తిక కార్తె, చివర్న

వీరరాఘవులు దుప్పిని తీశాను.

మందకి కాస్త ఎడంగా ఉంది. పరిగెత్తడానికి చూసింది గాని కాలు సహకరించలేదు. మెడ పట్టుకున్నాను. గ్లవ్సులో దాని నాడి వెచ్చగా కొట్టుకుంది. ఎంతసేపు పట్టుకోవాలో నాకెవరూ చెప్పలేదు, ఆగేదాకా పట్టుకున్నాను. తర్వాత లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాను. చేతులకి ఏమీ అంటలేదు, అయినా సబ్బు పెట్టి కడుక్కున్నాను.

కానీ మంద! ఎన్నాళ్లకి విన్నానో ఆ కూత. తోకలన్నీ తెల్లగా పైకి లేచాయి. వాగు దాటి, మెరక దాటి, ఉత్తరపు గడ్డిలోకి వెళ్లిపోయాయి. నా కడుపు నిండింది. ఒక ప్రాణం తీసి కడుపు నిండింది అని రాయడం బాగా లేదు, కానీ నిజం.

రోహిణి కార్తె, మొదట్లో

నాలుగు పూటలు కూడా గడవలేదు, మంద మళ్లీ ఒడ్డు మీదికి వచ్చేసింది. అన్నిటికన్నా ముందు తులశమ్మ.

ఇంత త్వరగా ఎలా మర్చిపోయాయో అర్థం కాక సాయంత్రం పులిని పొదల వెనక పడుకోబెట్టి చూస్తూ కూర్చున్నాను. ఎండ వాలాక పిచ్చయ్య బాబాయ్ కర్ర పట్టుకుని వచ్చాడు. ఒడ్డు మీది రాయి మీద కూర్చుని, "తులశా" అని పిలిచాడు. ఆ దుప్పి వచ్చి ఆయన అరచేతిలోంచి ఉలవ గుగ్గిళ్లు తింది. మంద చుట్టూ నిలబడింది. ఆయన దానికి ఊళ్లో సంగతులు చెబుతున్నాడు, నా మీద చాడీలతో సహా.

పులి కళ్లతో చూసినందుకు సిగ్గుపడి జోడు తీసేశాను.

మర్నాడు ఆయన ఇంటికి వెళ్లాను.

"సాయంత్రాలు వాగు కాడికి ఎందుకు పోతన్నావు బాబాయ్?"

"నడకకి."

"గుగ్గిళ్లు పట్టుకుని నడకేంది?"

ఆయన నవ్వాడు. "పొద్దుగూకితే మీ పిన్ని నాకు గుగ్గిళ్లు పెట్టేది. ఇప్పుడు నేను దానికి పెడతన్నా. ఏం తేడా ఉందే?"

"దాని కోసం మంద అక్కడే ఉంటంది. మందకి ఏ భయమొచ్చినా అది పోగొడతంది. పులి తనని ఏమీ చెయ్యదని దానికి తెలుసు, దాన్ని చూసి మిగతావీ అట్టాగే అనుకుంటన్నయ్."

"గుగ్గిళ్లు మానేస్తా" అన్నాడు.

"మానెయ్. అది చాలకపోతే?"

ఆయన కర్ర అందుకుని లోపలికి పోయాడు. నేను రెట్టించలేదు. మొహం చూసి అడగలేని మాట అది.

రోహిణి కార్తె, నడిమి రోజులు

బాబాయ్ మాట మీద నిలబడ్డాడు, వాగు వైపు పోలేదు. తులశమ్మ ఆయన వచ్చే రాయి దగ్గర కొన్ని సాయంత్రాలు ఎదురు చూసింది. తర్వాత తనే బయలుదేరి ఊళ్లోకి వచ్చింది. వెనకాల మందంతా వచ్చింది. దొండపాదులూ బీరపాదులూ మొదలంటా నమిలేశాయి. మంగాయమ్మ పెరట్లో ఆవిడ మనవడి పేరున్న దుప్పి ఆవిడ ఎండబెట్టిన వడియాలు తినేసి పోయింది. ఆవిడ చీపురు పట్టుకుని వెంటపడుతూ, మధ్యలో గుర్తొచ్చి, "నాయనా, కడుపు నొప్పి చేస్తదిరా" అంది.

నవ్వొచ్చే సంగతే గాని నాకు నవ్వు రావడం లేదు. తులశమ్మ బాబాయ్ గడప ముందు నిలబడింది. తలుపు మూసి ఉంది. ఆయన లోపలే ఉన్నాడని దానికీ తెలుసు, నాకూ తెలుసు. చాలాసేపు నిలబడింది. పులిని వీధిలోకి నడిపించి గాండ్రించాను, మొరిగే కుక్క వైపు చూసినట్టు చూసింది.

రోహిణి కార్తె, గాలివాన మర్నాడు

నిన్న ఎక్కడి నించి వచ్చిందో గాలివాన వచ్చి కాసేపు దంచి పోయింది. ఒడ్డులో ఎద్దుబండి పట్టేంత ముక్క విరిగి ఊటలో పడింది. ఇవాళ నీళ్లు ఎర్రగా ఉన్నాయి, బిందెలు ముంచితే సగం బురద. తేరుకుంటాయని ఆడవాళ్లు మధ్యాహ్నం దాకా కూర్చుని, గుడ్డలో వడగట్టుకుని తీసుకెళ్లారు. ఎవరూ నాతో మాట్లాడలేదు. పేరు అడిగినప్పుడు మజ్జిగ ఇచ్చిన వాళ్లే వీళ్లు.

కంచె లోపలి మట్టి ఒక్క పెళ్ల కూడా కదల్లేదు. వెళ్లి చూసి వచ్చాను. ఒట్టి మంచమంత చోటు.

నేను బాబాయ్ ఇంటికి వెళ్లేసరికి ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు, పక్కన చెంబులో ఎర్రనీళ్లు. నేను వచ్చేటప్పుడు ఎలా అడగాలో దారంతా అనుకుంటూ వచ్చాను. అక్కడికెళ్లాక అనుకున్నదేదీ గుర్తు రాలేదు.

"బాబాయ్, పిన్ని పేరు ఇచ్చెయ్."

"అది ముసలిదయింది రత్నం. ఇంకో రెండేళ్లు బతికితే గొప్ప."

"మృగశిర రెండేళ్లు ఆగదు."

"మీ పిన్నికి నెల రోజులు జొరం. కళ్ల ముందు పోతన్నా ఏమీ చెయ్యలేకపొయ్యా" అన్నాడు. "ఇప్పుడు నా నోటితో నేనే పొమ్మనాలా?"

నాకు ఏడుపొచ్చింది. ఆ మనిషి మీద జాలితో కాదు, కోపంతో. తులశమ్మ పిన్ని బతికుంటే ఈ పని ఆవిడే నాకన్నా ముందు చేసేది. ఆ మాటే అన్నాను. జనం ఆకలితో చస్తుంటే దుప్పిని కాపాడింది, దుప్పి వల్ల జనం దప్పికతో చస్తుంటే ఊరుకునే మనిషి కాదు అన్నాను.

ఆయన చెంబులో నీళ్లు గుమ్మం పక్కన పారబోశాడు.

"సభ పిలువు" అన్నాడు.

రోహిణి కార్తె, రెండో సభ

బాబాయ్ నలుగురిలో నిలబడ్డాడు. ఈ నాలుగేళ్లలో ఆయన దుప్పిని పిలవడానికి తప్ప పిన్ని పేరు ఎత్తలేదు. మంచినీళ్లు ఇవ్వబోతే వద్దన్నాడు.

"తులశమ్మ పేరు మా ఇంటిది. మా ఇంటికే తెచ్చుకుంటన్నా."

కూర్చోబోయి మళ్లీ నిలబడి, "నా పేరుది కూడా ఒకటుంది. అదీ తెచ్చుకుంటన్నా" అన్నాడు.

మంగాయమ్మ లేచి తన తొమ్మిదింటిలో మూడు పేర్లు చెప్పింది, మనవడిది ఆఖర్న. ఆవిడ వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. ఆవేళ ఎవరూ పక్కింటి పేరు ఎత్తలేదు. సంతోషించాల్సింది పోయి నేను బయటికి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇవన్నీ ఇప్పుడు నా పిడికిట్లో ఉన్నాయి.

బాబాయ్ వెళుతూ నా దగ్గర ఆగాడు.

"దాన్ని ఎక్కువ పరిగెత్తించమాక అమ్మాయ్. ఆయాసపడద్ది."

సరేనన్నాను.

రోహిణి కార్తె, చివర్న

పొద్దున చేశాను. మంద అంతా చూసేలా, ఒడ్డు మీదే చెయ్యాలి, లేకపోతే చేసి ఉపయోగం లేదు.

అయిపోయింది. ఇంతకన్నా ఇవాళ రాయలేను. మంద మెరక దాటింది.

మృగశిర కార్తె, వాన ఇంకా పడలేదు

మంద ఉత్తరానే ఉంది. రోజూ పులిని అటు పంపి హద్దులో వాసన చల్లి వస్తున్నాను. సభలో వచ్చిన పేర్లలో ఇంకో రెండిటిని తీశాను, బక్కవాటినే. దూరం నించి పులి వీపు కనిపిస్తే చాలు, కూత పెడుతున్నాయి. ఒడ్డు మీద గరిక పచ్చగా అల్లుకుంటోంది. కొరికేసిన మద్ది మొదళ్లలో ఎర్రటి చిగుళ్లు కనిపించాయి. ఒడ్డు ఈ వానకి ఆగుతుందో లేదో చెప్పలేను, ఆగొచ్చు. తొట్లు బోర్లించాం, ఉప్పు గడ్డలు ఎత్తేశాం. ఊళ్లోవాళ్లు సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలియక ఒకరి మీద ఒకరు పడి పోట్లాడుకుంటున్నారు.

ఇవాళ పిచ్చయ్య బాబాయ్ షెడ్డుకి వచ్చాడు. పన్నెండేళ్లలో ఎప్పుడూ రాలేదు. జిలానీ కుర్చీ వేసి, పులి చూసేది పక్కన చిన్న తెర మీద కనపడేట్టు పెట్టి బయటికి పోయాడు. వాడికి ఆ మాత్రం తెలివుంది.

బాబాయ్ కాసేపు తెర చూశాడు.

"ఆ రోజు అది బాధపడిందా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. ఈయనకి అబద్ధం చెప్పి నేను రేపు మళ్లీ ఈ గ్లవ్సులు వేసుకోలేను.

"పరిగెత్తలా బాబాయ్. నువ్వు ఎక్కువ పరిగెత్తించొద్దన్నావు, అసలు ఒక్క అడుగు కూడా వెయ్యలా. నేను దూకతంటే నా వైపే చూస్తా నిలబడింది. మెడ మీద నోరు పడ్డాక కూడా ఆటనుకుంది. ఏమీ చెయ్యననే అనుకుంది."

ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుండిపోయాడు. నేను జోడు కిందికి దించుకుని పని చూసుకున్నట్టు నటించాను.

"మనమేగా నేర్పాం దానికి అట్టా" అన్నాడు చివరికి.

నా గుండెల్లో ఉన్నదీ అదే, ఆయన నోట విన్నాక ఇంకా బరువెక్కింది.

అప్పుడే పులి మెరక ఎక్కింది. అవతల గడ్డిలో మంద కనపడింది. కూత, కాలి తాపులు, తెల్ల తోకలు. మొత్తం కదిలి పరుగందుకుంది. ఒక్క పిల్ల మాత్రం కొంత దూరం పోయి ఆగింది. ఈ వేసవిలో పుట్టింది, ఒంటి మీద చుక్కలు ఇంకా కొత్తగా ఉన్నాయి. వెనక్కి తిరిగి చెవులు రిక్కించి పులి వైపు రెండడుగులు వేసి మూతి చాపింది.

"ఎవరి పేరుది అది?" అన్నాడు బాబాయ్.

"బిళ్ల లేదు. ఈ ఏడు పుట్టినవాటికి ఎవరూ పేరు పెట్టలా."

అది ఇంకో అడుగు వేసింది. నా చేతులు ఆగిపోయాయి. ఏం చెయ్యాలో తెలుసు, చెయ్యలేకపోయాను.

"చూస్తా కూచున్నావేంది?" బాబాయ్ కుర్చీలోంచి లేచాడు. "తరుము రత్నం. గట్టిగా తరుము. మళ్లీ మన వంక చూడబుద్ధి కాకూడదు దానికి."

గాండ్రించాను. పంజా ఎత్తి, పళ్లు బయట పెట్టి, దాని మొహం మీదికి దూకాను. పిల్ల కీచుమని అరిచి గాల్లోకి లేచింది. కింద పడుతూనే తోక ఎత్తి పరుగు. నేను వెంటపడ్డాను, అది తల్లిని కలుసుకున్నా ఆగలేదు, మంద గడ్డిలో కలిసిపోయినా ఆగలేదు.

బాబాయ్ తెరకి దగ్గరగా వంగాడు. ఆయనకి కళ్లు సరిగా ఆనడం లేదు.

"పోయిందా?"

"పోయింది బాబాయ్."

"వెనక్కి చూసిందా?"

"చూడలేదు" అన్నాను. నిజంగానే చూడలేదు.